కుళాయి లేనివారికి దంత సలహా

రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోండి, తీపి తగ్గించండి, ఆరు నెలలకోసారి దంతవైద్యుణ్ని కలవండి. దంతవైద్య శిబిరం ఎక్కడ పెట్టినా చెప్పేవి ఈ మూడు మాటలే. కుళాయి, అద్దం, బ్రష్ పెట్టుకునే గూడు ఉన్న ఇంటికి ఇవి చాలు. సూరత్‌లో ఫ్లైఓవర్ కింద పడుకుని, తెల్లవారగానే కడియా నాకా అనే కూలీల అడ్డాలో పని కోసం నిలబడే మనిషికి ఇవే మాటలు చెబితే మందలించినట్టు ఉంటుంది. అతని బతుకులో చేయగలిగింది చెప్పాలి. అది చేయడానికి కావలసిన వస్తువునూ, వసతినీ ఆ మాటతోపాటే అందించాలి.

సూరత్ వలసల నగరం. తెలంగాణ పద్మశాలీలు తరాల కిందటే వచ్చి లింబాయత్ లాంటి పేటల్లో స్థిరపడ్డారు. పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. ఒడిశాలోని గంజాం నుంచి వచ్చినవారు మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు చేసి, ఇరుకు గదుల్లో ఒకరు లేచిన చోట మరొకరు నడుం వాలుస్తారు. ఆ చోటు కూడా దొరకనివారు రోడ్డు పక్కనే పడుకుంటారు. 2021 జనవరిలో సూరత్ జిల్లా కోసంబా దగ్గర అలా నిద్రపోతున్నవారి మీదికి లారీ దూసుకెళ్లి 15 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది రాజస్థాన్‌లోని బాంస్‌వాడా ప్రాంతపు కూలీలు. 2011 జనగణన ప్రకారం దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది. వారిలో సగానికి పైగా, అంటే 9.38 లక్షల మంది, పట్టణాల్లోనే ఉన్నారు. సూరత్‌లో వీరిలో చాలామంది రోజూ పనికి పోయేవారే. పంటినొప్పి వచ్చిందంటే ఆ రోజు కూలి పోతుంది.

ఆ నొప్పిని వీరు ఎలా ఓర్చుకుంటున్నారో తెలియాలంటే పాన్ గల్లా దగ్గర కాసేపు నిలబడాలి. పలచటి ప్లాస్టిక్ కాగితం మీద వక్కముక్కలు పోసి, చిటికెడు పొగాకు, కాస్త సున్నం వేసి, ఉండలా మూటకట్టి ఇస్తారు. కొన్నవాడు దాన్ని అరచేతుల మధ్య బాగా నలిపి బుగ్గన పెట్టుకుంటాడు. ఇదే మావా. గుజరాత్ ప్రభుత్వం 2012లో గుట్కాను నిషేధించినా, అప్పటికప్పుడు కలిపి ఇచ్చే మావా మాత్రం సాగుతూనే ఉంది. అది ఆకలిని చంపుతుంది, నిద్రను ఆపుతుంది, పంటినొప్పిని కాసేపు మొద్దుబారుస్తుంది. అన్నం, పక్క, వైద్యం మూడూ లేనివాడికి ఆ మూడింటి బదులు దొరికేది అదొక్కటే. ఇది అర్థం చేసుకోకుండా ‘మానెయ్’ అంటే అతను వినడు.

వక్కతో వచ్చే పెద్ద ప్రమాదం నోరు బిగుసుకుపోవడం. వైద్యులు దీన్ని సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. మొదట కారం తగిలితే నోరంతా మండుతుంది. తర్వాత బుగ్గల లోపలి చర్మం తెల్లబడి గట్టిపడుతుంది. చివరికి ముద్ద పట్టేంత కూడా నోరు తెరుచుకోదు. ఎర్నాకుళంలో ఇలాంటి రోగులను 17 ఏళ్లు గమనిస్తే 7.6 శాతం మందికి అది క్యాన్సర్‌గా మారిందని 1985లో వెలువడిన అధ్యయనం తేల్చింది. దీన్ని పసిగట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు కలిపి నిలువుగా పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పెట్టుకోమనాలి. మూడువేళ్లు పట్టకపోతే ఆస్పత్రికి పంపాలి. ఫుట్‌పాత్ మీద కూర్చున్న మనిషి తన వేళ్లతో తానే చేసుకోగల పరీక్ష ఇది.

ఇంకో చిక్కు ఉంది. చాలామంది పళ్లు తోముకునేదే పొగాకుతో. ఒడిశావారు గుడాఖు, గుజరాతీ ఆడవాళ్లు బజర్, బీహార్‌వారు గుల్ చిగుళ్లకు రుద్దుకుంటారు. టూత్‌పేస్టుల్లో, పళ్లపొడుల్లో పొగాకు కలపకూడదని కేంద్రం 1992లోనే ఆదేశించింది. అయినా ఈ అలవాటు పోలేదు. ఇలాంటివారికి ‘రోజుకు రెండుసార్లు తోముకోండి’ అని చెబితే రెండుసార్లు పొగాకు పట్టించమన్నట్టే. అందుకే ‘దేనితో తోముకుంటున్నారు?’ అన్న ప్రశ్నతో మొదలుపెట్టాలి. ఉత్తరాంధ్రలో చుట్ట వెలిగించిన కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలి చూడాలని అక్కడి వైద్యులకు తెలుసు. సూరత్‌లో ఎవరి నోట్లో ఎక్కడ చూడాలో తెలియాలంటే వారి ఊరు, వారి అలవాటు తెలిసి ఉండాలి.

మరి ఏం చెప్పాలి? రాత్రి పడుకునేముందు శనగగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుని, నురగ ఉమ్మేసి వదిలేయమనాలి. పుక్కిలించకపోతేనే ఫ్లోరైడ్ పంటి మీద నిలిచి ఎక్కువ మేలు చేస్తుందన్నది ఇవాళ దంతవైద్యం చెబుతున్న మాట. నీళ్లు లేనివాడికి ఇంతకంటే పనికొచ్చే మాట ఉంటుందా? బ్రష్ లేనినాడు వేలితోనైనా పేస్టు రాసుకోవచ్చు. మెత్తగా నమిలిన వేపపుల్ల మంచిదే. బొగ్గు, ఇటుకపొడి మాత్రం పంటిని అరగదీస్తాయి. నొప్పి పన్ను పక్కన మాత్ర నొక్కిపెట్టుకుంటే చిగురు కాలుతుందని, మద్యం మీద నొప్పిమాత్రలు మింగితే కడుపులో రక్తస్రావం కావచ్చని చెప్పాలి. దవడ వాచి జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఒక్క గంట కూడా ఆగకూడదని మరీ మరీ చెప్పాలి. పంటి చీము మెడలోకి దిగితే ఊపిరి ఆగిపోవచ్చు.

ఈ మాటలు ఎవరు చెబుతున్నారన్నదీ ముఖ్యమే. ఇల్లు లేనివారి కోసం లండన్‌లో పనిచేసే గ్రౌండ్‌స్వెల్ సంస్థ 2017 నివేదికలో, తాము పలకరించినవారిలో 15 శాతం మంది తమ పళ్లు తామే పీక్కున్నారని తెలిపింది. ఉచిత వైద్య వ్యవస్థ ఉన్న దేశంలోనే ఇదీ పరిస్థితి. స్కాట్లండ్‌లో స్మైల్ ఫర్ లైఫ్ కార్యక్రమం, నిరాశ్రయులతో రోజూ మాట్లాడే సిబ్బందికే నోటి ఆరోగ్యం గురించి చెప్పడంలో శిక్షణ ఇస్తోంది. సూరత్‌లోనూ షెల్టర్ కాపలాదారుకు, ఆశా కార్యకర్తకు, ఒకప్పుడు రోడ్డు మీద బతికి నిలదొక్కుకున్నవారికి ఈ శిక్షణ ఇవ్వాలి. ఒడియా, భీలీ, మరాఠీ, తెలుగు మాట్లాడేవారు అందులో ఉండాలి. లింబాయత్ తెలుగు సంఘాలు దీనికి ముందుకు రావాలి.

‘ముందు ఇల్లు ఇవ్వండి, పళ్ల సంగతి తర్వాత’ అనేవారున్నారు. ఇల్లు ఇవ్వాల్సిందే. లక్ష జనాభాకు కనీసం 100 మందికి శాశ్వత షెల్టర్లలో చోటు ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిర్దేశించింది. 2011లోనే సూరత్ జనాభా 44 లక్షలు దాటింది కాబట్టి, ఆ లెక్కనే కనీసం 4,400 మందికి చోటు ఉండాలి. కానీ ఇల్లు వచ్చేదాకా చీము ఆగదు. ఆస్పత్రి ఓపీ నడిచే ఉదయమే నాకాలో కూలి కుదిరే వేళ. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోమంటే కూలీ ఏది ఎంచుకుంటాడో చెప్పక్కర్లేదు. నిర్మాణ కార్మికుల కోసం నాకాల దగ్గరికి వెళ్లే ధన్వంతరి ఆరోగ్య రథాలు గుజరాత్‌లో ఉన్నాయి. వాటిలో వారానికి ఒకరోజైనా దంతవైద్యుడు ఉండాలి. డ్రిల్లు, కరెంటు లేకుండానే పిప్పిని ఆపే సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ను, పన్ను నింపే గ్లాస్ అయనోమర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ప్రతి షెల్టర్‌లో తాళం వేసుకునే చిన్న అర, పేస్టు, బ్రష్ ఉండాలి. అన్నదానం చేసేవారు చాయ్ బిస్కెట్లకు బదులు పళ్లు లేనివారు కూడా తినగల కిచిడీ పెట్టాలి.

ఇదేదీ సూరత్‌కు అసాధ్యం కాదు. 1994 ప్లేగు తర్వాత కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను ఏసీ గదుల్లోంచి రోజూ వీధుల్లోకి నడిపించి, నగరం రూపు మార్చారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ మొదటి స్థానంలో నిలిచింది. రాత్రిపూట రోడ్లు ఊడ్పించగల నగరం, ఆ రోడ్ల పక్కన పడుకున్నవారి దగ్గరికి అదే రాత్రి ఒక ఆరోగ్య కార్యకర్తనూ పంపగలదు. ఎన్ని కరపత్రాలు పంచారో లెక్క చెబితే సరిపోదు. ఎందరి నోళ్లు చూశారు, ఎందరి నొప్పి తగ్గించారు, మూడువేళ్లు పట్టని ఎందరిని ఆస్పత్రిదాకా తీసుకెళ్లారు అన్న లెక్కను నగరపాలక సంస్థ ప్రతి ఏటా ప్రజల ముందు పెట్టాలి.