కోఠిలో మా నాయన ఎక్కడ తినాలి?

మన క్లబ్ వాట్సాప్ గ్రూపులో ప్రతి సెమిస్టర్ మొదట్లో ఒక లిస్టు తిరుగుతుంది. 'కోఠి పోతే ఇవి తినకుండా రావద్దు' అని. సెకండ్ హ్యాండ్ పుస్తకాల కోసం ఫస్టియర్ వాళ్ళు కోఠికి పోతారు గదా, వాళ్ళ కోసం సీనియర్లు పంపేది. గోకుల్ చాట్‌లో సమోసా చాట్, మొజంజాహీ మార్కెట్లో ఫేమస్ ఐస్‌క్రీమ్, కరాచీ బేకరీలో ఫ్రూట్ బిస్కెట్, నైట్ షో చూసి వస్తూ తెల్లవారుజామున రామ్ కీ బండీ దగ్గర వెన్న దోసె. పోయినేడు ఆ లిస్టును ఫార్వర్డ్ చేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈసారి దాన్ని మార్చాలని అడుగుతున్నాను. కారణం మా నాయన.

మాది పాలకీడు, సూర్యాపేట జిల్లా. 2016లో మండలం అయింది, అంతకుముందు నేరేడుచర్ల మండలంలో ఉండేది. సాగర్ ఎడమ కాలువ కింద వరి తప్ప ఇంకో ముచ్చట ఉండదు. కోసిన వడ్లన్నీ మిర్యాలగూడ మిల్లుల దారి పడతాయి. మన మెస్సులో రోజూ పారబోసే అన్నంలో మా దిక్కు బియ్యం ఎన్నోకొన్ని ఉండే ఉంటాయి.

అక్టోబర్‌లో అమ్మ చెవి ఆపరేషన్‌కి నాయన, చిన్నమ్మ కలిసి అమ్మను కోఠి తీసుకొచ్చారు. ఆరు రోజులు. లోపల ఆడమనిషి ఒక్కరే ఉండాలి కాబట్టి చిన్నమ్మ ఉంది. నాయన బయట. నాకు మిడ్ ఎగ్జామ్స్, సాయంత్రం మాత్రమే పోగలిగాను. అంటే పొద్దటి నుంచి సాయంత్రం దాకా ఆయన కోఠిలో ఒక్కడే. అక్కడ తిండికి కొదవేముంది అని నేను నిశ్చింతగా ఉన్నాను. లిస్టు ఉంది గదా!

మొదటి రోజు సాయంత్రం లిస్టు ప్రకారమే నడిపించాను. గోకుల్ చాట్ ముందు జనం చూసి నాయన ఆగాడు. "ఇదేనారా అప్పుడు బాంబు పేలింది?" అన్నాడు. 2007 ఆగస్టు 25 ఆయనకు టీవీలో చూసిన గుర్తు. అవునన్నాను. కాసేపు ఊరుకున్నాడు. తర్వాత నేను ప్లేటు తెచ్చి చేతిలో పెడితే అటూ ఇటూ చూశాడు. చెప్పుల కింద పారేసిన ప్లేట్లు, వెనక నుంచి తోపుడు, ఒక చేతిలో సంచి. "నిలబడి తినేది పెండ్లిల బఫే ఒక్కటే అనుకున్న. ఈడ రోజూ బఫేనా?" సగం తిని, బాగుందిరా అని ప్లేటు నాకిచ్చాడు. బాగుందన్న మాట అబద్ధమని నాకు అప్పుడే తెలుసు.

ఫేమస్ ఐస్‌క్రీమ్ దగ్గర మాత్రం కథ వేరు. సీతాఫలం కాలం. కప్పు చేతికిస్తే, "మన గట్టు మీద ఊరికే రాలిపోతయి, ఈడ ఇంత పెట్టి కొంటరా" అని నవ్వాడు గానీ, మొత్తం తిన్నాడు. ఎందుకంటే అక్కడ ఆరుబయట కుర్చీలున్నాయి. ఆ గడియారం గోపురాన్ని చూస్తూ అరగంట కూర్చున్నాడు. ఏడో నిజాం తన రెండో కొడుకు మొజం జా పేరు మీద 1935లో కట్టించిన మార్కెట్ అని చెప్పాను. 2020లో బాగుచేసి మళ్ళీ తెరిచారు, రాయి తేటగా కనబడుతుంది. "వడ్లు ఆరబోయనీకి మంచిగుంటది ఈ జాగా" అన్నాడు నాయన. పొట్ట మీదున్న వరిని వదిలి వచ్చిన మనిషి, ఇంకేం తోస్తుంది!

మూడో రోజు చిన్నమ్మ ఫోన్ చేసింది. "బావ వచ్చినకాంచి అన్నం తినలేదురా. అరటిపండ్లు, బన్ను తిని ఉంటుండు. అడిగితే ఆకలైతలేదంటుండు" అని. నాకు కోపమొచ్చింది. చుట్టూ అన్ని హోటళ్ళుండగా ఇదేం మొండితనం అనుకున్నాను. తర్వాత ఒక్కొక్కటే అర్థమైంది. అద్దాల తలుపు, లోపల ఏసీ, ఇంగ్లిష్‌లో మెనూ కార్డు. ధర ముందే అడిగితే ఏమనుకుంటారో, అడగకుండా తింటే ఎంత పడుతుందో. నాలుగింటికే లేచే మనిషికి తొమ్మిదింటికి తెరిచే టిఫిన్ సెంటర్. మధ్యాహ్నం డాక్టరు రౌండు అయ్యేదాకా ఆగి మూడున్నరకు బయటకొస్తే మీల్స్ అయిపోయాయని బోర్డు. ఇవేవీ మన లిస్టులో ఉండవు. మనకు అవసరం పడలేదు కాబట్టి.

నాలుగో రోజు ఎగ్జామ్ లేదు, మధ్యాహ్నమే పోయాను. రోడ్డు మీద ఐదు రూపాయల భోజనం డబ్బా ముందు లైన్ ఉంది. 2014లో అన్నపూర్ణ అని మొదలైంది, ఇప్పుడు ఇందిరా క్యాంటీన్ అంటున్నారు. అన్నం, కూర, సాంబారు, పచ్చడి. ఆటోవాళ్ళు, కూలీలు, పేషెంట్ల బంధువులు, కోచింగ్ పిల్లలు. వాళ్ళ మధ్యలో మా నాయన. ప్లేటు పట్టుకొని ఒక గోడ వారకి పోయి, గొంతుకు కూర్చొని తినడం మొదలుపెట్టాడు.

నేను రోడ్డు అవతల ఆగిపోయాను. పిలవలేదు. నా పక్కన మన క్లాస్‌మేట్ ఒకడున్నాడు. 'అటు పోదాం రా, చాయ్ తాగుదాం' అని వాణ్ణి ఇంకో సందులోకి తీసుకుపోయాను. ఈ వ్యాసంలో రాయకుండా ఉందామనుకున్న సంగతి ఇదే. పండించినవాడు ఐదు రూపాయల అన్నం లైన్లో ఉన్నాడన్న బాధ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. ఆయన కూడా నాకు చెప్పలేదు. సాయంత్రం అడిగితే "హోటల్ల తిన్న" అన్నాడు. ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నాం.

మా మండలంలోనే జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. మొక్కు తీరినవాళ్ళు కందూరు చేస్తారు. యాటను కోసి, చెట్ల కింద వండి, వచ్చినవాళ్ళకల్లా పెడతారు. హిందువులు, ముస్లింలు అందరూ పోతారు. అక్కడ తినడమంటే ముందు కూర్చోవడం. చేతులు కడుక్కోను నీళ్ళు, కింద ఇంత జాగా, వడ్డించే మనిషి. వంట రుచి తర్వాత సంగతి. మా నాయనకు తిండి అంటే ఆ పద్ధతి.

సిటీలో దానికి దగ్గరగా వచ్చేది ఏమిటంటే, నా లెక్కలో ఇరానీ హోటల్. ఐదో రోజు ఒకదాంట్లోకి తీసుకుపోయాను. పాత బల్లలు, అరిగిన కుర్చీలు. నాయన చాయ్‌ని సాసర్లో పోసుకొని ఊదుకుంటూ తాగాడు. పక్క బల్ల మీద ముసలాయన కూడా అదే పని. ఎవరూ వింతగా చూడలేదు, ఎవరూ లేవమనలేదు. ఒక్క చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, ముప్పావు గంట. అలాంటి హోటళ్ళు ఒక్కొక్కటే మూతపడి, వాటి జాగాలో షోరూములు, పేపర్ కప్పుతో నిలబడి తాగే చాయ్ పాయింట్లు వస్తున్నాయి. పోయిన రుచి గురించి అందరూ రాస్తారు. పోతున్న కుర్చీ గురించి ఎవరూ రాయరు.

ఇంకో జాగా ఆయనే కనిపెట్టాడు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1901లో పెట్టింది. ఎండకు రెండు పూటలు అక్కడ కూర్చొని పేపర్ చదివానన్నాడు. తెలుగు సాహిత్య క్లబ్బులో ఉన్న నేను అప్పటిదాకా దాని గడప తొక్కలేదు. మీలో ఎందరు తొక్కారో మీకే తెలియాలి.

ఈ మాటంటే మన ఎడిటర్ వాదించాడు: "స్ట్రీట్ ఫుడ్ అంటేనే నిలబడి తినేది. బండివాడికి తను నిలబడటానికే జాగా లేదు, నీకు కుర్చీ ఎక్కడ వేస్తాడు?" నిజమే. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చినా, పోలీస్ జీపు కనిపిస్తే బండి తోసుకుపోయేవాళ్ళను నేనూ చూశాను. బండ్ల మీద నాకు కోపం లేదు, వెన్న దోసె మానను కూడా. ఆస్పత్రుల మధ్య ఉన్న ఇంత పెద్ద బజారులో పది బెంచీలు, రెండు నల్లాలు వేయించడం బండివాళ్ళ పని కాదు, కార్పొరేషన్ పని. మన పని మన లిస్టు. అది రుచి ఒక్కటే చూసేవాళ్ళు రాసిన లిస్టు, నాతో సహా.

డిశ్చార్జ్ రోజు ఎంజీబీఎస్‌కు నడిచే పోయాం. బస్టాండ్ ఉన్నది మూసీ నడుమ దిబ్బ మీదే గదా. వంతెన మీద నాయన ముక్కు మూసుకొని కిందికి చూశాడు. "వాడపల్లి కాడ కృష్ణల కలిసేది ఈ నీళ్ళే" అన్నాడు. బస్సెక్కే ముందు మాత్రం అడిగాడు, "ఆనాడు నిలబడి తిన్నమే, అది ఎంతయిందిరా?" చెప్పాను. అమ్మ వైపు తిరిగి, "చూసినవా, దానితోని పన్నెండు సార్లు అన్నం తిందు" అన్నాడు. అప్పుడు తెలిసింది ఆయనకు దాచాలని లేదని.

ఇక లిస్టు సంగతి. పాతది తీసేయమనట్లేదు. ప్రతి పేరు పక్కన నాలుగు ముక్కలు చేర్చుదాం: కుర్చీ ఉందా, చేతులు కడుక్కోను నీళ్ళున్నాయా, పొద్దున ఎన్నింటికి తెరుస్తారు, మూడు దాటితే అన్నం దొరుకుతుందా. ఐదు రూపాయల డబ్బా పేరు కూడా రాద్దాం, మొదటి వరుసలోనే. నా దగ్గర ఇప్పటికి ఏడు పేర్లున్నాయి. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వైపు ఉండేవాళ్ళు మీవి గ్రూపులో పెట్టండి. తెలుగులో టైప్ చేయండి, మా నాయనకు పంపాలి. జనవరిలో అమ్మను మళ్ళీ చూపించాలి.