మన సరకు, పరుల నౌక

విశాఖపట్టణపు సముద్రతీరమున సాయంకాలము షికారుకు వచ్చినవారికి, దూరమున లంగరు వేసికొని రేవులోనికి పిలుపు కొరకు వేచియున్న నౌకలను లెక్కించుట యొక ముచ్చట. ఆ వరుసను చూచి మన వాణిజ్యము దినదినాభివృద్ధి నొందుచున్నదని సంతసించువారు, ఆ నౌకల వెనుక నెగురు పతాకములు ఏ దేశములవని విచారించినచో, పనామా, లైబీరియా, మార్షల్ దీవుల పేరులు వినబడునంతగా స్వదేశము పేరు వినబడదు.

మన విదేశ వాణిజ్యమున, పరిమాణమునుబట్టి, నూటికి 95 పాళ్లు సముద్రముమీదనే సాగుచున్నది. ఏబది యేండ్ల క్రిందట అందు నలుబది పాళ్లు మోసిన మన నౌకలు నేడు మోయునది అయిదు పాళ్లు. పరదేశపు నౌకా సంస్థలకు ఏటేట మనము చెల్లించు కేవు (ఓడ బాడుగ) సుమారు 7,500 కోట్ల డాలర్లు, అనగా ఇంచుమించు ఆరు లక్షల కోట్ల రూపాయలు. మన నౌకల పాళ్లు, ఈ కేవు గిట్టనివారు కల్పించిన లెక్కలు కావు. 2025 సెప్టెంబరులో భావ్‌నగర్ సభయందు సాక్షాత్తు ప్రధానమంత్రియే వెల్లడించినవి. మరునాడు ఏ కాఫీ హోటలులోనైనను ఈ ప్రసంగము వచ్చినదా?

ఓడ మనకు కొత్తది కాదు. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాప కొయ్యల నౌక కలదు. గాలివానకు ఒడ్డునబడిన ఓడల సరకును రాజులు హరించు పూర్వాచారమును మాన్పి, సుంకము మాత్రమే గైకొందునని గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలో అభయశాసనము వేయించెను. అయితే పూర్వవైభవ స్మరణతో కేవు చెల్లదు గనుక దానినటుంచి, మన తాతల కాలమునకు వత్తము. చిదంబరం పిళ్ళై 1906లో తూత్తుకుడియందు స్వదేశీ నౌకా సంస్థను స్థాపించి ఆంగ్లేయుల ఓడలతో పోటీకి దిగి, రెండేండ్లలో కారాగారము పాలయ్యెను. స్వదేశీయుల సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ నౌక 1919 ఏప్రిల్ 5న బొంబాయి విడిచి లండనుకు సాగెను. ఆ కంపెనీయే విశాఖలో నిర్మింపదలచిన నౌకాశాలకు 1941లో బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేయగా, అందు తయారైన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ సముద్రమునకు విడిచెను. స్వరాజ్యమనగా సొంత ఓడయు నని ఆ తరము ఎరుగును. ‘లాయల్టీ’ సాగిన ఏప్రిల్ 5 ఇప్పుడు జాతీయ నౌకాదినోత్సవము. ప్రధాని ఉడుపునకు చిన్న పతాకము నొకదానిని గ్రుచ్చుటయే ఆ వారోత్సవములందలి వార్త.

క్షీణతకు కారణములు రహస్యములు కావు. ఓడ కొనుటకు మనవారికి దొరకు అప్పు వడ్డీ యెక్కువది, గడువు తక్కువది. పన్నుల బరువు లేని పతాకము నాశ్రయించిన పరదేశపు ఓడతో వారు పోటీ పడవలెను. అంతకన్న మూలమున నున్నది మన వర్తకుల అలవాటు. దిగుమతిదారు సరకును కేవుతో కలిపి ఒకే ధరకు కొనును. ఎగుమతిదారు సరకును మన రేవులో ఓడకెక్కించి చేతులు దులుపుకొనును. రెండు విధముల ఓడను నిర్ణయించువాడు అవతలివాడే. నావికులకు మాత్రము మనకు కొదవలేదు. సుమారు మూడు లక్షలమంది కలరు, వారిలో అధికులు పరుల పతాకముల క్రింద పనిచేయుచున్నారు.

చవుకగా మోయువాని ఓడలో సరకు వేసిన తప్పేమని కొందరు అడుగుదురు. కరోనా కాలమున కంటైనరుల కేవు అనేక రెట్లు పెరిగినప్పుడు ఆ చవుక ఏమయ్యెను? 2023 చివర ఎర్ర సముద్రమున ఓడలపై దాడులు మొదలు కాగా, ఆఫ్రికాను చుట్టి పోవుటయు, దానికి తగిన కేవును నిర్ణయించుటయు ఓడ యజమానుల వంతు, చెల్లించుట మన వంతు అయినది. కష్టకాలమున పరుని ఓడ తన యజమాని మాట వినునే గాని మన మాట వినదు.

నౌకానిర్మాణాదులకై 69,725 కోట్ల రూపాయల పథకమును కేంద్ర మంత్రివర్గము 2025లో ఆమోదించినది. మేము దానిని కాదనము. కాని సరకు దొరకునను భరోసా లేక ఏ వర్తకుడును ఓడ కొనడు. ముడిచమురు, బొగ్గు, ఎరువులు కొను ప్రభుత్వ సంస్థలు ఆ సరకును ఎగుమతి దేశపు రేవుననే స్వాధీనము చేసికొని, దానిని తెచ్చు పనిని దీర్ఘకాలపు ఒప్పందములతో మన పతాకపు నౌకలకు అప్పగింపవలెను. కేవు కొంత యెక్కువైనను సరే. సైన్యమును పోషించునప్పుడు చవుకబేరము చూడము గదా.

ఇట్టి ఒత్తిడి ప్రజలనుండి రావలెనన్న ప్రజలకు సంగతి తెలియవలెను. తెలియజేయనివారిలో మేమును ఉన్నాము: బంగారము ధర దినదినము అచ్చువేయు పత్రికలు ఓడల కేవును ఏడాదికి ఒకమారైనను అచ్చువేయవు. కావున మాసమాసము వెలువడు ఎగుమతి దిగుమతుల లెక్కలతోబాటు, అందు మన పతాకము క్రింద సాగిన సరకెంత, పరులకు చెల్లిన కేవెంత అను రెండు అంకెలను ప్రభుత్వము ప్రకటింపవలెనని కోరుచున్నాము. ప్రకటించిన మరునాడే వానిని మొదటి పుటలో ముద్రింతుము.