రెండు పక్కల రికార్డు

హోసూరు పూల మార్కెట్లో రోజాలమ్మే అక్క తెలుగులో బేరమాడుతుంది, చిల్లర తమిళంలో లెక్కపెడుతుంది, బెంగళూరు బేరగాడొస్తే కన్నడానికి తిరుగుతుంది. ఆమె మాట వింటే నాకు అమెరికాలో మెంఫిస్‌లోని సన్ రికార్డ్స్ గుర్తొస్తుంది. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీని కనిపెట్టిన చిన్న రికార్డు కంపెనీ అని అందరూ మెచ్చుకుంటారు. నన్ను పట్టుకున్నది 1954 నాటి అతని తొలి రికార్డు. ఒక పక్క నల్ల గాయకుడు ఆర్థర్ క్రూడప్ బ్లూస్, రెండో పక్క తెల్ల గాయకుడు బిల్ మన్రో కెంటకీ పాట. నల్లవాళ్లదీ తెల్లవాళ్లదీ ఒకే గొంతులో! సన్ యజమాని శామ్ ఫిలిప్స్ ఆ కలగలుపును కడిగి శుభ్రం చెయ్యలేదు, పైగా టేపు ప్రతిధ్వని జోడించాడు. పెద్ద కంపెనీ అయ్యుంటే ముందు యాస దిద్దేదని నా అనుమానం. హోసూరు యాసలో "పోతా ఉండాను" అంటే నవ్విన తెలుగు మాస్టర్లను నేను చూశాను మరి. అక్కకు ఆ బెంగ లేదు. "రేపు రాప్పా, మంచి రోజాలొస్తాయి" అంటా తక్కెడ పక్కన పెట్టింది.