మరచిపోయాడా, అసలు వినలేదా?

జేబులో ఉన్న కొత్త వంద రూపాయల నోటు బయటికి తీయకుండా ఒక మాట చెప్పండి. దాని వెనుక ఏ బొమ్మ ఉంది? చాలామందికి వెంటనే తోచదు. అది గుజరాత్‌లోని రాణీ కీ వావ్ అనే మెట్ల బావి. 2018 నుండి ఆ నోటు మన చేతుల్లో తిరుగుతూనే ఉంది. రంగు చూస్తాం, అంకె చూస్తాం, బొమ్మ మీద మనసు పెట్టం. అందుకే ఎన్నిసార్లు కంటపడినా గుర్తుండదు.

విన్నదైనా అంతే. 1959లో నెవిల్ మోరే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష చేశాడు. రెండు చెవుల్లో వేర్వేరు మాటలు వినిపిస్తూ, ఒక చెవిలో పడే మాటలనే తిరిగి పలకమన్నాడు. రెండో చెవిలో కొన్ని పదాలను 35 సార్లు వినిపించాడు. తరువాత అడిగితే ఆ పదాలను వారు గుర్తుపట్టలేకపోయారు. శబ్దం చెవిలో పడింది గానీ మనసు అక్కడ లేదు.

మెదడుకు చేరినదంతా జ్ఞాపకం కాదు. మనం శ్రద్ధ పెట్టినదాన్ని నుదుటి వెనుక ఉన్న భాగం ఎంచుకుంటుంది. హిప్పోకాంపస్ అనే లోపలి భాగం దాన్ని జ్ఞాపకంగా కూర్చుతుంది. 1996లో ఫెర్గస్ క్రెయిక్, ఆయన తోటి పరిశోధకులు మరో సంగతి చూపించారు. నేర్చుకునేటప్పుడు ధ్యాస రెండు పనుల మీదికి పోతే జ్ఞాపకం బాగా దెబ్బతింటుంది. గుర్తు చేసుకునేటప్పుడు అలా జరిగితే నష్టం చాలా తక్కువ. అంటే అసలు నష్టం పరీక్ష హాలులో కాదు, చదువుకునే చాప మీదే జరుగుతోంది.

మరి మనమేం చేస్తున్నాం? “వీడిది మట్టిబుర్ర, నూరుసార్లు చెప్పినా ఎక్కదు” అని బిడ్డను తిడుతున్నాం. వాడు ఎక్కం వల్లె వేస్తుంటే పక్కనే సీరియల్ నడుస్తుంది, మన సెల్ మోగుతుంది. ఇక బెత్తం తీస్తే వాడి ధ్యాస బెత్తం మీదే ఉంటుంది, పాఠం మీద ఉండదు. అన్నిటికీ ఇదే కారణమని నేననను. కంటిచూపో, వినికిడో సరిగా లేని బిడ్డలుంటారు, వారిని డాక్టరుకు చూపించాలి. అయినా మొదట సరిచేయవలసింది ఇల్లే.

ఆదివారం ప్రసంగం వింటూ సెల్ చూసుకునే పెద్దలకూ ఇది వర్తిస్తుంది. ఈ రాత్రి పిల్లలు పుస్తకం తెరిచినప్పుడు ఒక్క అరగంట టీవీ కట్టేయండి, సెల్ దూరంగా పెట్టండి. తరువాత పాఠం అప్పజెప్పించుకోండి.