రేవుకూలీకి రాని విడుదల

కోరంగి అంటే ఇవాళ మడ అడవులు, చెక్కవంతెన, సెలవురోజు సందర్శకులు. నూరేళ్ల కిందట బర్మాలోని రంగూన్‌లో ఆ పేరుకు అర్థం వేరు. కోరంగి, కాకినాడ, విశాఖ, ఏ రేవులో ఓడెక్కినా సరే, అక్కడ బస్తాలు మోసే ప్రతి తెలుగువాడూ 'కోరంగీ'యే. ఇక్కడ ఇంట్లో మాత్రం "మావాడు రంగం (రంగూన్) వెళ్లాడు" అని చెప్పుకునేవారు.

మనిషిని పట్టుకుపోయి ఓడపనికి పెట్టడం కొత్తేమీ కాదు. 18వ శతాబ్దపు బ్రిటన్‌లో నౌకాదళం ముఠాలు రేవు వీధుల్లో తిరిగి, ఓడపని తెలిసినవాళ్లను బలవంతంగా యుద్ధనౌకలెక్కించేవి. పెళ్లాలు, తల్లులు విడిచిపెట్టమని అధికారులకు అర్జీలు పెట్టుకునేవారు. మన కూలీల విషయంలో అంత మోటుతనం అవసరం పడలేదు. మేస్త్రీ ఊళ్లోకి వచ్చి బయానా చేతిలో పెట్టేవాడు, డెక్కు టిక్కెట్టు తనే కొనేవాడు. అక్కడికెళ్లాక కూలి డబ్బు మేస్త్రీ చేతుల మీదుగానే రావాలి. బాకీ పట్టుకుంటే చాలు, మనిషిని వేరే పట్టుకోనక్కరలేదు.

1930 మేలో ఆ కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మీయులను పనిలోకి దింపాయి. సమ్మె తేలి, తెలుగువాళ్లను వెనక్కి పిలిచి, బర్మీయులను పొమ్మన్న రోజున, మే 26న, రేవులో గొడవ రేగి ఊరంతా పాకింది. నూరుమందికి పైగా చచ్చిపోయారు. వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. తెచ్చినవాళ్లూ, తరిమినవాళ్లూ కంపెనీలవాళ్లే. నెత్తురు మాత్రం ఇద్దరు పేదవాళ్ల మధ్య పారింది.

అసలు అన్యాయం యుద్ధంలో బయటపడింది. 1941 డిసెంబరు 23న, మళ్లీ క్రిస్మస్ నాడు జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. కూలీలు మూటాముల్లే సర్దుకుని ఊరు విడిచారు. చైనాకు పోవలసిన యుద్ధసామగ్రి రేవులో పేరుకుపోయింది. అప్పుడుగానీ ప్రభుత్వానికి కోరంగీ విలువ తెలియలేదు. నచ్చజెప్పి వేలమందిని వెనక్కి రప్పించారు. ప్రోమ్ పట్టణం దగ్గర దారి మూసి, ఇంటిముఖం పట్టినవాళ్లను ఆపారు. డబ్బున్నవాళ్లకు ఓడలో చోటు దొరికింది. మూటలు మోసినవాడు మోయడానికే ఉండిపోవాలన్నారు. 1942 మార్చిలో రంగూన్ జపాన్ వశమైంది. లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడిచారు. కలరా, మలేరియా, ఆకలి దారిపొడుగునా వేలమందిని తీసుకుపోయాయి. ఏప్రిల్ 6న బాంబులు కాకినాడ మీద కూడా పడ్డాయి. కొడుకు ఎక్కడున్నాడో తెలియని తల్లికి తానున్న చోటా భద్రత లేకపోయింది.

యుద్ధకాలపు అవసరం కాదా అని కొందరంటారు. అవసరమే. అయితే అంత అవసరమైనవాడికి తిరిగి ఇల్లు చేర్చే పూచీ ముందు రాసివ్వాలి. అదేమీ లేకుండా ఆపడాన్ని వెట్టి అనే అనాలి.

ఈ కథ తీరిపోయిందనుకోకండి. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు గుజరాత్ యజమానుల పడవల్లో కూలికి వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కారు. భార్యలు కనబడిన నాయకుడినల్లా వేడుకున్నారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటారు. ఏడాదికి పైగా ఆ ఆడవాళ్లు తిరిగిన గడపలకు లెక్కలేదు. సహాయకుల ఉద్యోగాలని నమ్మి రష్యా వెళ్లిన కుర్రాళ్లు, తెలంగాణవాళ్లతో సహా, యుద్ధరంగంలో తేలారు. 2025 జనవరి నాటికి రష్యా సైన్యంలో చేరిన భారతీయుల కేసులు 126 అని, 12 మంది మరణించారని, 16 మంది ఆచూకీ లేదని మన విదేశాంగ శాఖే చెప్పింది. అక్కడా తల్లిదండ్రులు అర్జీలు పట్టుకునే తిరిగారు.

నా మాట ఒక్కటే. విడుదల అనేది కుటుంబం కాళ్లావేళ్లా పడి సంపాదించుకునే దయ కాకూడదు. గోదావరి జిల్లాల నుంచి ఓడపనికీ, గల్ఫ్ ఇళ్లల్లో పనికీ ఇప్పటికీ మన పిల్లలు వెళుతూనే ఉన్నారు. ఏజెంటు ఎవరిని పంపినా ఆ పేరు, పని, యజమాని చిరునామా మండలం ఆఫీసులో నమోదు కావాలి. ప్రతి కలెక్టరేట్‌లో దీనికని ఒక అధికారి ఉండాలి. అర్జీ అందిన వారంలోగా ఏ రాయబార కార్యాలయానికి రాశారో, ఏం జవాబొచ్చిందో ఇంటివాళ్లకు తెలుగులో రాసివ్వాలి. మనిషి చిక్కుకుపోయినన్నాళ్లూ ఇల్లు గడవడానికి నెలనెలా భత్యం ఇవ్వాలి. పంపించి కమీషన్ తిన్నవాడి దగ్గర ఆ ఖర్చు రాబట్టాలి. వచ్చే జిల్లా సమీక్షా సమావేశంలో మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఈ ఐదూ అడగాలి. అడగనివాళ్లను ఓటు కోసం వచ్చిన రోజున మనం అడగాలి.