తక్కెడ ఎవరిది?

కాకిపిల్ల కాకికి ముద్దు. అందులో వింతేమీ లేదు. అయితే ఆ పిల్ల అందాన్ని నిర్ణయించే పరీక్షకునికి పారితోషికం కూడా కాకే చెల్లిస్తే, ఆ తీర్పును ఎంతవరకు విశ్వసించాలన్నదే ప్రశ్న. సాఫ్ట్‌వేర్ రంగానికి ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు.

1999 ఏప్రిల్‌లో మైండ్‌క్రాఫ్ట్ అనే పరీక్షా సంస్థ, వెబ్ సర్వర్‌గా విండోస్ ఎన్‌టీ లైనక్స్ కంటే మూడున్నర రెట్లకు పైగా వేగవంతమైనదని ప్రకటించింది. పరీక్ష చేయించినది మైక్రోసాఫ్టే. 2002లో మిడిల్‌వేర్ కంపెనీ అదే మైక్రోసాఫ్ట్ ఆర్థిక సహాయంతో డాట్‌నెట్‌ను, జావా ఆధారిత జె2ఇఇని పోల్చి, మొదటిదే మేలని తేల్చింది. పోలికకు ఆధారం సన్ సంస్థ రూపొందించిన ‘పెట్ స్టోర్’. ప్రోగ్రాముల నిర్మాణ పద్ధతులను బోధించడానికి ఉద్దేశించిన ఆ నమూనాను వేగానికి కొలబద్ద చేయడమేమిటన్న విమర్శ చెలరేగింది. మరుసటి ఏడాది ఆ సంస్థ పరీక్షలను మళ్లీ జరపవలసి వచ్చింది.

అంతమాత్రాన ఉత్పత్తిదారు సొమ్ముతో జరిగిన ప్రతి పరీక్షా బూటకమనుకోవడం తొందరపాటే. లైనక్స్ నిపుణుల సమక్షంలో 1999 జూన్‌లో జరిగిన పునఃపరీక్షలోనూ ఎన్‌టీయే ముందు నిలిచింది. వెల్లడైన లోపాలను లైనక్స్ నిర్మాతలు ఆ తరువాత సరిదిద్దుకున్నారు. కనుక చూడవలసినది సొమ్ము ఎవరిదన్నది ఒక్కటే కాదు. ప్రోగ్రామును ఎవరు రాశారు, యంత్రాన్ని ఎవరు సవరించారు, ప్రత్యర్థికి అవకాశం ఇచ్చారా, ఇతరులు ఆ పరీక్షను తిరిగి చేయగలరా అన్నవీ చూడాలి. 1988లో ఏర్పడిన టీపీసీ మండలి పూర్తి వివరాల వెల్లడిని, స్వతంత్ర తనిఖీని నియమాలుగా పెట్టుకున్నది ఇందుకే. మరోవైపు, 1983 నాటి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరీక్షలు రుచించని ఒరాకిల్, అనుమతి లేనిదే ఫలితాలు ప్రచురించరాదని లైసెన్సులోనే షరతు విధించింది. అనుకూల ఫలితాలకు ప్రచారం, ప్రతికూల ఫలితాలకు నిషేధం ఉన్నచోట కొనుగోలుదారుకు దక్కేది సగం సత్యమే.

ఈ సంగతి ప్రభుత్వ శాఖలకు మరింత ముఖ్యం. ఒకసారి ఎంచుకున్న వేదికను వదిలించుకోవడం తేలిక కాదు. ఆ భారం ఏళ్ల తరబడి ప్రజాధనంపై పడుతుంది. ఓపెన్ సోర్స్‌ను కూడా పరిగణించాలని, కాదంటే కారణం చూపాలని కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. ఆ పరిశీలన అమ్మకందారు నివేదికలతో ముగిస్తే విధానం కాగితానికే పరిమితమవుతుంది. కోడ్, అమరికలు బయటపెట్టని నివేదికను టెండరులో సాక్ష్యంగా స్వీకరించరాదు. శాఖ తన సొంత పనిభారంతో ప్రయోగాత్మక పరీక్ష జరిపించుకోవాలి. సరుకు ఎవరిదైనా కావచ్చు. తక్కెడ మాత్రం కొనేవారి చేతిలో ఉండాలి.