కోళ్లగూడే స్టూడియో

ఇల్లు బోసిపోతే పొద్దుపోవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? జూలియా మార్గరెట్ కామెరాన్‌కు ఒంటరిగా తోచదేమోనని 1863లో కూతురూ అల్లుడూ కలిసి ఓ కెమెరా కొనిచ్చారు. అప్పటికావిడకు 48 ఏళ్లు! పుట్టింది మన కలకత్తాలోనే. ఉంటున్నది మాత్రం ఇంగ్లండులో, వైట్ దీవిలోని ఫ్రెష్‌వాటర్ అనే పల్లెలో.

బొగ్గుల కొట్టు డార్క్‌రూమైంది. అద్దాలున్న కోళ్లగూడు స్టూడియో అయింది. (కోళ్లను వదిలేశారట, కోసుకు తినలేదు లెండి!) గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి కడిగెయ్యాలి. ఆ మందు మరకలతో చేతులూ బట్టలూ నల్లబడిపోయేవి.

పొరుగునున్న మహాకవి టెన్నిసన్‌ను ఎంత శ్రద్ధగా తీసిందో, ఇంట్లో పనిపిల్ల మేరీ హిల్లియర్‌నూ అంత శ్రద్ధగానే తీసింది. మేరీమాతగా కూర్చోబెట్టింది కూడా ఆ పిల్లనే! కెమెరా ముఖానికి బాగా దగ్గరగా పెట్టేది. నిమిషాల తరబడి కదలకూడదు, అంతసేపు నవ్వు నిలుస్తుందా? అందుకే ఆ ముఖాలన్నీ ఏదో ఆలోచిస్తున్నట్టుంటాయి. బొమ్మ మసకగా ఉందని తెలిసినవాళ్లు వెక్కిరించారు. ఆవిడ పద్ధతి మార్చుకోలేదు. నాకైతే ఆ మసకలోనే మనిషి కనిపిస్తుంది.

1875లో భర్తతో సిలోను, అంటే ఇప్పటి శ్రీలంక, వెళ్లిపోయింది. అక్కడ తోట కూలీలను తీసింది. చెట్లూ పూల బొమ్మలు వేసే మేరియాన్ నార్త్ ఇంటికొస్తే, శాలువా చుట్టి, జుట్టు విరబోయించి, కొబ్బరాకుల్లో నిలబెట్టింది. ఆకులు తలలో గుచ్చుకుంటున్నాయి, మిట్టమధ్యాహ్నపు ఎండ కళ్లలో పడుతోంది, వేడి 96 డిగ్రీల ఫారెన్‌హీట్. అయినా సరే, సహజంగా కనబడమందట!